రెయిలింగుకు ఏ స్టీలు వాడారో రాయండి

సంపాదకుడి గారికి నమస్కారం.

మా ఇంటికి దగ్గర్లో సముద్రపు ఒడ్డున నడిచేవాళ్ల కోసం వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగుకు ఇంకా మూడేళ్లు నిండలేదు. పైనుంచి చూస్తే తళతళలాడుతోంది. పైపు అడుగున చెయ్యి పెట్టి రాస్తే వేళ్లకు ఎర్రటి పొడి అంటుకుంటోంది. పైభాగాన్ని వాన కడుగుతుంది, అడుగున పేరుకున్న ఉప్పును కడిగే దిక్కు లేదు. బేస్ ప్లేటు బోల్టుల చుట్టూ టీ ఒలికినట్టు మరకలు. మొన్న ఒక పెద్దాయన పట్టుకుని లేవబోతే స్తంభం కదిలింది. నా గుండె ఝల్లుమంది.

ఉత్తర చెన్నైలో ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అంటే ఒకటే రకం కాదు, గ్రేడు నంబర్లుంటాయి. చవగ్గా దొరికే 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పుగాలికి ఈ మూడింట్లో కాస్త నిలబడేది అదే. పాలిష్ చేశాక కంటికి మూడూ ఒకటే. అయస్కాంతం పెడితే తెలిసిపోతుందంటారు, కానీ దానికి మూడూ సరిగా అంటుకోవు. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల మందు ఉంది, నిమిషాల్లో తేలిపోతుంది.

మురికి నీటిలో పరిస్థితి ఇంకా ఘోరం. స్టీలును కాపాడేది దాని మీద క్రోమియం, ఆక్సిజన్ కలిసి కట్టే పలచని పొర. గీత పడినా ఆక్సిజన్ అందితే మళ్లీ కట్టుకుంటుంది. కూవం నది సముద్రంలో కలిసేచోట, ఎన్నూరు దగ్గర, రేవు మూలల్లో మురుగు ఆ ఆక్సిజన్‌నే తినేస్తుంది. బురదలోని బ్యాక్టీరియా సముద్రపు నీటి సల్ఫేటును కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. ఆ పొరను కొరికే ఉప్పులోని క్లోరైడు ఎలాగూ ఉంది. గుల్లలు అతుక్కున్నచోట, బోల్టు సందుల్లో పొర పోతే ఇక కట్టుకోదు. సూదిమొనంత చిల్లు లోలోపలే తొలుచుకుపోతుంది. శుభ్రమైన సముద్రపు నీటిలోనే 316 సందుల్లో తుప్పు పడుతుంది. నీటిలో మునిగి ఉండే నిచ్చెనలకు, పైపులకు 25 శాతం క్రోమియం ఉండే సూపర్ డూప్లెక్స్ అనే స్టీలు లాంటిది వాడాలి. ఖర్చెక్కువే, కానీ మాటిమాటికీ మార్చే ఖర్చు మాటేమిటి?

టెండరులో గ్రేడు నంబరు రాయాలి. సరుకు దిగిన రోజే ఆ మందు చుక్క వేసి చూశాకే బిల్లు పాస్ చెయ్యాలి. వెల్డింగ్ దగ్గర మిగిలే నీలం మచ్చను యాసిడ్ పేస్టుతో తీయించాలి. రేటు తగ్గించమంటే మా పనిలో మొదట ఎగిరిపోయేది ఇదే, అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఈలోగా ఆ కదిలే స్తంభం చుట్టూ తాడైనా కట్టించాలని అధికారులను కోరుతున్నాను. సాయంత్రం పిల్లలు దాని మీదెక్కి కూర్చుంటున్నారు.

— ఒక పాఠకుడు, తిరువొత్తియూరు, చెన్నై