ఆ రాతి మేడకు సిమెంటు పూయనివ్వకండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

వన్ టౌన్‌లో మా వీధి చివరనున్న పాత రాతి మేడ గురించి రాస్తున్నాను. సున్నంతో కట్టిన గోడలవి. పోయిన ఏడాది బీటలకు సిమెంటు మెత్తారు. సున్నం తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే ఆపేస్తుంది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆ తేమతో రాయిలోకి దిగి, ఆరినప్పుడు గడ్డకట్టి రాయినే చీలుస్తుంది. మొన్న సిమెంటు అంచున వేలు పెడితే పొడి రాలింది. కడుపు తరుక్కుపోయింది.

ఇప్పుడు రెండో వైపు మొదలుపెట్టారు.

1904 నాటి టౌన్ హాల్, 1914 నాటి కురుపాం మార్కెట్ ముఖద్వారం మాకు దగ్గర్లోనే ఉన్నాయి. పాత ఊరికి మిగిలిన గుర్తులు ఇలాంటివే కదండీ.

దయచేసి పని ఆపించి, సున్నం పని తెలిసిన మేస్త్రీలతో చేయించండి. ముందు పైకప్పు చూడండి, వానలకు ఆగేలా లేదు.

ఇట్లు,
వన్ టౌన్ వాసి