దేవకన్య రెక్కలు మార్చాం, అద్దె కూడా పెంచాం

డాన్స్ మాస్టర్లకు, స్కూలు టీచర్లకు, అమ్మానాన్నలకు నమస్కారం.

పోయిన యాన్యువల్ డే సీజన్లో మేం అద్దెకిచ్చే దేవకన్య డ్రెస్సుల మీద వచ్చినన్ని ఫిర్యాదులు ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. ఒక స్కూల్లో పాట మధ్యలో ఓ పాప రెక్క ఊడి పక్క పాప జడకి చిక్కుకుంది. ఇంకోచోట రెండో క్లాసు పిల్లకి మెడ చుట్టూ దద్దుర్లు తేలాయి. వాళ్లమ్మగారు ఫోన్ చేసి తిట్టలేదు, ఫోటో మాత్రం పంపారు. తిట్టినా బాగుండేది. రెండు చోట్లా అద్దె వెనక్కిచ్చేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు.

సీజనయ్యాక ఒక జత రెక్కలు కాటాలో పెట్టి చూశాను. 850 గ్రాములు. ఇంతేనా అనుకున్నాను, పిల్లల పుస్తకాల సంచి అంతకు నాలుగింతలుంటుంది కదా. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. దానికి కట్టి ఆడమంటే మూడో నిమిషానికే "నాన్నా, వెనక్కి లాగేస్తోంది" అంది. సంచి వీపుకి అంటుకుని ఉంటుంది, రెక్క రెండడుగులు బయటికి పొడుచుకుని ఉంటుంది. నిండు చెంబు గుండెల దగ్గర పట్టుకుని చూడండి, అదే చెంబు చెయ్యి చాపి పట్టుకుని చూడండి, తేడా తెలుస్తుంది. పైగా మేం రెక్కల్ని బ్లౌజుకే కుట్టేశాం. అవి వెనక్కి వాలినప్పుడల్లా ముందు మెడపట్టీ గొంతుకి బిగుసుకునేది.

మా నాన్నగారు ఇదే తెనాలిలో పౌరాణిక నాటకాలకు కిరీటాలు, భుజకీర్తులు అద్దెకిచ్చేవారు. భుజకీర్తుల్ని చొక్కాకి కుట్టనిచ్చేవారు కాదు. చంకల కిందుగా నాడాలు తిప్పి ఛాతీ మీద కట్టేవారు. తెల్లవార్లూ పద్యాలు పాడేవాడికి ఊపిరి ఆడాలి కదా. కూచిపూడి నగల్ని కూడా పెద్దలు తేలికపాటి బూరుగు చెక్కతోనే చేయించుకున్నారు. ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ని, ఫోటోలో మెరుస్తుంది కదా అని జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ), గరుకు నెట్టు, గ్లిట్టరు పోగేసుకొచ్చాను.

ఈసారి తీగ తీసేశాం. మొదట వెదురు బద్దలు వాడాం. తేలికే, కానీ రెండు రిహార్సళ్లకే చీలి గుచ్చుకున్నాయి. ఇప్పుడు పెద్ద గాలిపటాలకు వాడే సన్న ఫైబర్ పుల్లలు పెడుతున్నాం. ఆర్గంజా అనే పల్చటి గుడ్డ అంచుని గొట్టంలా మడిచి కుట్టి అందులోకి పుల్ల దూరుస్తాం, జిగురు పని లేదు. జత 240 గ్రాములకు దిగింది. రెక్కలు బ్లౌజుకి తగలవు. లోపల మెత్తటి కాటన్ పట్టీలు వీపు మీద అడ్డంగా దాటి నడుముకి కట్టుకుంటాయి, బరువు నడుం మోస్తుంది.

గౌను ఉబ్బుగా నిలబడ్డానికి వేసే కాన్‌కాన్ నెట్టు రెండు పొరల మధ్యకి పోయింది, ఒంటికి తగిలేది మల్‌మల్ గుడ్డ ఒక్కటే. గ్లిట్టరు పూర్తిగా మానేశాం. పైభాగం, గౌను వేరువేరు చేశాం. ఎందుకో ఒకటో క్లాసు టీచర్లకు చెప్పక్కర్లేదు, బాత్రూమ్ దగ్గర నిలబడేది వాళ్లే.

కిరీటాలు జీలుగు బెండువి, పెళ్లి బాసికాలకు వాడే బెండే. తలమీద ఉన్నట్టే తెలీదు. కానీ గట్టిగా నొక్కితే సొట్టపడుతుంది, తడి అసలు పడదు. దయచేసి బ్యాగు అడుగున కుక్కకండి.

ఒక నష్టం కూడా చెప్పాలి. కొత్త రెక్కలు పాతవాటిలా తళతళలాడవు. "వెలగట్లేదండీ" అని ఒక మాస్టరుగారు మొహమ్మీదే అన్నారు. ఎదురు లైటుకి నిజంగానే వెలగవు. వెనకనుంచో పక్కనుంచో ఒక లైటు వేయించండి, ఆర్గంజా అప్పుడు బాగుంటుంది.

ఇంకోమాట. 1885లో మొదలైన సురభి వాళ్ల నాటకాల్లో నారదుడు పైనుంచి దిగడం చూసినవాళ్లు, మా నడుంపట్టీకి తాడు కట్టి పాపని పైకి లేపొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. ఆ పట్టీ రెక్కల్ని మోయడానికే, పిల్లని మోయడానికి కాదు. సురభి వాళ్లది తరాల పనితనం. అలాగే కొవ్వొత్తులు, దీపాలు పట్టుకునే డాన్సుకి ఈ డ్రెస్సు అడగకండి. నెట్టుకి మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆ బుకింగు పోయినా పరవాలేదు.

అద్దె 350 నుంచి 450 అయింది. కుట్టుకూలి, పుల్లల ఖర్చు కలిపితే అంతకన్నా తగ్గించలేను. పాతవే తక్కువకి ఇమ్మంటున్నారు కొందరు. అవి లేవు, తీగ పాత ఇనుముకి వేసేశాను. ప్రస్తుతం 40 సెట్లే ఉన్నాయి, డిసెంబరు ఆఖరి వారానికి కావాల్సినవాళ్లు ముందే చెప్పండి. పాప వయసు చెబితే చాలదు, ఛాతీ చుట్టుకొలత, మెడ నుంచి నడుం దాకా వీపు పొడవు పంపండి. తిరిగిచ్చేటప్పుడు ఉతకొద్దు, మేమే పుల్లలు తీసి ఉతుక్కుంటాం.