అడాప్టర్ మీద చెరిగిపోయిన తొమ్మిది

మన దగ్గర మైకులు, స్పీకర్లు, కేబుళ్ళు అద్దెకు తీసుకునే అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పోయిన నెల మేం ఇచ్చిన అడాప్టర్ వల్ల ఒక పాత కస్టమర్ గారి సొంత సౌండ్ మిక్సర్ కాలిపోయింది. 12 వోల్టులది ఇవ్వాల్సింది, 19 వోల్టులది వెళ్ళింది. రెండూ నల్లవే, రెండింటి పిన్నూ ఒకటే సైజు. కంపెనీ వాళ్ళ అక్షరాలు నల్లటి ప్లాస్టిక్ మీద బూడిద రంగులో చీమ తలకాయంత ఉంటాయి కాబట్టే పైన మేం మార్కర్‌తో పెద్దగా రాసుకుంటాం. ఆ అడాప్టర్ మీద నేను రాసిన 19లో తొమ్మిది చెరిగిపోయి ఒకటి మాత్రం మిగిలింది. మా కుర్రాడు 12 అనుకుని సంచిలో పెట్టేశాడు. దయచేసి వాణ్ణి ఏమీ అనకండి, నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి. మిక్సర్ కొత్తది కొనిచ్చాం.

ఇక ఆ తొమ్మిది ఎందుకు చెరిగిందో చెప్తాను, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మామూలు పర్మనెంట్ మార్కర్‌లో ఉండేది పల్చటి సిరా, కింద ఉన్న రంగుని కప్పలేదు. నలుపు మీద ఎరుపుతో రాసినా నలుపే కనిపిస్తుంది. నలుపుని కప్పాలంటే పెయింట్ మార్కర్ కావాలి. తెల్లదాంట్లో టైటానియం డయాక్సైడ్ పొడి, వెండి రంగుదాంట్లో మామూలుగా అల్యూమినియం రజను ఉంటాయి. ఆ పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టే పెన్ను లోపల చిన్న గుండు వేస్తారు, మూత పెట్టి ఊపితే టకటకమంటుంది. ఇందులో ఆయిల్ రకం వేరు, నీళ్ళ రకం వేరు. నీళ్ళ రకం కాగితం మీద, చెక్క మీద బాగుంటుంది, నున్నటి ప్లాస్టిక్‌ని మాత్రం గట్టిగా పట్టుకోదు. మేం ఏడేళ్ళుగా ఆయిల్ రకమే వాడుతున్నాం. మా సప్లయర్ ఈసారి మాకు ఒక్క మాట చెప్పకుండా, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే నీళ్ళ రకం వెండి మార్కర్లు పంపాడు. పైగా 2020 నుంచి తిరిగొచ్చిన ప్రతి వస్తువునీ ఆల్కహాల్‌తో తుడవడం మాకు అలవాటు. ఇంకేముంది, ఒక్కో తుడుపుకీ కొంత పోయింది. సంగతి తెలిశాక ఇంకో అడాప్టర్ తీసి గోటితో గీకితే అంకె మొత్తం పొరలా లేచి వచ్చింది.

సప్లయర్‌కి ఫోన్ చేసి అడిగితే ఆయన అన్న మాట, "మీరు పెన్ను సరిగ్గా ఊపి ఉండరు" అని. ఇన్నేళ్ళుగా ప్రతి స్టాండు మీదా, ప్రతి పెట్టె మీదా నా చేత్తో రాసినవాణ్ణి నేను. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఇక ఆయన దగ్గర పెన్ను మూత కూడా కొనను. పెట్టె తెరవగానే పక్కన రాసింది చదవకపోవడం మాత్రం నా తప్పే, అది ఒప్పుకుంటున్నాను.

స్టిక్కర్లు వేయొచ్చుగా అని చాలామంది అన్నారు. అడాప్టర్ వేడెక్కుతుంది, జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి, ఊడిన స్టిక్కర్ పక్క వస్తువుకి అంటుకుంటే ఇంకా ప్రమాదం. కాబట్టి చేతిరాతే ఉంటుంది. తెలుపా వెండా అన్నదాని దగ్గరే వారం రోజులు కొట్టుకున్నాను. వెండి అందంగా ఉంటుంది, మాసినా తెలియదు, కానీ స్టేజి వెనక చీకట్లో టార్చి వేస్తే ఒక కోణంలో తళుక్కుమని అక్షరమే కనబడదు. తెలుపు మాసిపోతుంది, కొన్నాళ్ళకి పచ్చబడొచ్చు కూడా. అయినా మసక వెలుతురులో మూడడుగుల దూరం నుంచి చదవగలిగింది తెలుపే. అందుకే తెలుపుకి మారుతున్నాం. యూని పెయింట్ పీఎక్స్-20 ఆయిల్ రకం తీసుకున్నాను, మొన 2.2 నుంచి 2.8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అంకె లావుగా పడుతుంది. చచ్చిపోయిన ఒక అడాప్టర్‌ని ముందు తుడిచి, ఆరాక రాసి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత ఆల్కహాల్ గుడ్డతో ముప్పై సార్లు రుద్దాను. అంకె చెక్కుచెదరలేదు. అయినా పైన పారదర్శక టేపు చుట్టు తిరిగేలా వేస్తున్నాం.

కేబుళ్ళ మీద నేరుగా రాయం. కేబుల్ పైన ఉండే పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా పైకి వచ్చి రాతని జిగటగా చేసేస్తుంది. వాటికి తెల్ల హీట్‌ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునేది) తొడిగి దాని మీద నలుపుతో రాస్తున్నాం.

అడాప్టర్లు మొత్తం అయ్యాయి, స్టాండ్లు, పెట్టెలు ఇంకా సగం ఉన్నాయి. ఇక మీద ఏ అడాప్టరైనా మల్టీమీటర్‌తో వోల్టేజీ చూశాకే బయటికి వెళ్తుంది, మీ ముందే చూపిస్తాం, రెండు నిమిషాలు ఆలస్యమైతే ఓర్చుకోండి. మా వెండి రాత అడాప్టర్ ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే ప్లగ్‌లో పెట్టకండి. ఫోన్ చేస్తే మేమే వచ్చి మార్చి ఇస్తాం.