లేబర్ కోర్టు నుంచి ట్రిబ్యునల్‌కు మారే దారిలో కార్మికుడి కేసు ఆగిపోకూడదు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. కార్మిక సంఘం తరఫున లేబర్ కోర్టులో కార్మికుల కేసులు నడిపించే ప్రతినిధిగా ఈ లేఖ రాస్తున్నాను.

2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది, దానితో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రద్దయింది. లేబర్ కోర్టుల స్థానంలో న్యాయ సభ్యుడు ఒకరు, పరిపాలనా సభ్యుడు ఒకరు ఉండే ట్రిబ్యునళ్లు పనిచేయాలని కోడ్ చెబుతోంది. అయితే చట్టం అమల్లోకి వచ్చిన రోజుకు ఆ ట్రిబ్యునళ్లు సిద్ధంగా లేవు. ఉద్యోగం పోయినవాడు అర్జీ ఎవరికి ఇవ్వాలో, వాదనల దశలో ఉన్న కేసులో అవార్డు (తుది తీర్పు) ఇచ్చే అధికారం ఎవరికి ఉందో తెలియని అయోమయం ఏర్పడింది. డిసెంబరు 8న కేంద్రం ఉత్తర్వు జారీ చేసి, కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేవరకు పాత కేసులనూ కొత్త కేసులనూ ఇప్పుడున్న లేబర్ కోర్టులే విచారిస్తాయని చెప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేకపోయాం. ఆ ఉత్తర్వు తాత్కాలికమైనది. అసలు మార్పిడి రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది కనుకనే మీకు విన్నవించుకుంటున్నాను.

విచారణ పరిధి, అంటే ఒక కేసును వినే అధికారం, అనే మాట వకీళ్ల మధ్య తేలే సాంకేతిక విషయంగా కనిపించవచ్చు. కార్మికుడి విషయంలో అది జీవనోపాధికి సంబంధించినది. పారిశ్రామిక వివాదాల చట్టం కల్పించిన హక్కు కోసం సివిల్ కోర్టుకు వెళ్లడం కుదరదని 1975లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల లేబర్ కోర్టుకు పరిధి లేదంటే అతనికి వెళ్లడానికి మరో గడప ఉండదు. ఈ సంగతి యాజమాన్యాలకు బాగా తెలుసు. కౌంటర్‌లో, అంటే కేసుకు తామిచ్చే జవాబులో, మొట్టమొదటి పేరాలోనే పరిధి లేదన్న అభ్యంతరం పెట్టి, దానినే ముందుగా తేల్చమని అడిగి, అక్కడి నుంచి హైకోర్టుకు వెళ్లడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. 1969లో ఉద్యోగం పోయిన ఒక ఢిల్లీ ఉద్యోగి కేసు 1983 నాటికి కూడా అతను కార్మికుడి నిర్వచనంలోకి వస్తాడా రాడా అన్న తొలి ప్రశ్న దగ్గరే ఉండిపోయింది. ఆ డి.పి. మహేశ్వరి కేసులో తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు మన తెలుగువారు. ప్రాథమిక అభ్యంతరాలను విడదీసి విచారించవద్దని, అన్ని అంశాలనూ కలిపి ఒకేసారి తేల్చాలని, కార్మికుణ్ని కోర్టు నుంచి కోర్టుకు తిప్పి అలసిపోయేలా చేయడానికి పైకోర్టుల అధికారాన్ని వాడుకోనివ్వరాదని ఆయన గట్టిగా చెప్పారు. చట్టం మారిన ప్రతిసారీ ఇటువంటి అభ్యంతరాలకు కొత్త సందు దొరుకుతుంది. ఆ సందు లేకుండా చేయడం ప్రభుత్వం బాధ్యత.

ఈ విషయంలో మన రాష్ట్రానికి గర్వించదగిన చరిత్ర ఉంది. పనిలోంచి తీసేసిన కార్మికుడు ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు పంపే రెఫరెన్స్ కోసం ఎదురుచూడకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలును 1987లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ 2ఎకు సవరణ చేసి కల్పించింది. దేశమంతటికీ అటువంటి అవకాశం 2010లో గానీ రాలేదు. దేశం కన్నా రెండు దశాబ్దాలకు పైగా ముందు తలుపు తెరిచిన రాష్ట్రంలో, మార్పిడి పేరుతో ఆ తలుపు దగ్గర కార్మికుడు నిలబడిపోవడం తగదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది కోడ్‌లోని 51వ సెక్షన్. లేబర్ కోర్టు నుంచి బదిలీ అయిన కేసును ఆగిన దశ నుంచి కొనసాగించవచ్చు, లేదా మళ్లీ మొదటి నుంచి విచారించవచ్చు, ఏది ఉచితమో ట్రిబ్యునలే నిర్ణయించుకోవచ్చు అని అందులో ఉంది. మొదటి నుంచి అంటే ఏమిటో కోర్టు వరండాలో కూర్చున్నవారికి తెలుసు. క్రాస్ (ఎదుటి పక్షం ప్రశ్నించడం) పూర్తయిన సాక్షిని మళ్లీ పిలిపించాలి. అతను ఈలోగా రిటైరై ఉండవచ్చు, ఊరు విడిచి వెళ్లి ఉండవచ్చు, కాలం చేసి ఉండవచ్చు. యాజమాన్యం తరఫు సాక్షులకు రానుపోను ఖర్చు కంపెనీ భరిస్తుంది. కార్మికుడి పక్షాన సాక్ష్యం చెప్పే తోటి కార్మికుడు ఆ రోజు కూలి వదులుకుని రావాలి. కనుక రాష్ట్ర నియమాల్లో రికార్డైన సాక్ష్యం, మార్క్ చేసిన పత్రాలు యథాతథంగా చెల్లుతాయని, మొదటి నుంచి విచారించాల్సి వస్తే అందుకు కారణాలను రాతపూర్వకంగా చూపాలని స్పష్టంగా పెట్టండి.

రెండో విషయం సభ్యుల నియామకం. కోడ్ ప్రకారం డిస్మిసల్ (ఉద్యోగం నుంచి తొలగింపు), రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు), మూసివేత, స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలోని సేవా నిబంధనల) వివాదాలను ఇద్దరు సభ్యులూ కలిసి వినాలి. ఇప్పటిదాకా ఒక్క ప్రిసైడింగ్ ఆఫీసరు (న్యాయాధికారి) ఉంటే సరిపోయేది. ఇకమీదట రెండు కుర్చీల్లో ఏది ఖాళీ అయినా, మిగిలిన ఒక్కరికీ వినే పరిధి లేదన్న వాదన మళ్లీ మొదలవుతుంది. లేబర్ కోర్టు న్యాయాధికారి బదిలీ అయ్యాక కొత్తవారు వచ్చేవరకు వాయిదా మీద వాయిదా పడడం మేము చూస్తూనే ఉన్నాం. ఇద్దరు సభ్యుల నియామకం పూర్తయ్యాకే కేసులను బదిలీ చేయాలని, ఖాళీ ఏర్పడక ముందే భర్తీ ప్రక్రియ మొదలుపెట్టాలని కోరుతున్నాను. విశాఖపట్నం, గుంటూరు, అనంతపురంలో ఇప్పుడున్న స్థానాలను తగ్గించకూడదని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ఫార్మా కార్మికుడికి విశాఖే దూరం.

ఇక గడువుల సంగతి. పాత చట్టంలో ఉద్యోగం పోయిన మూడేళ్లలోగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. కొత్త కోడ్‌లో వివాదం మొదలై రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దాన్ని చేపట్టరాదు. కన్సిలియేషన్ విఫలమైన నివేదిక అందాక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. మూడేళ్లుందని నమ్మి ఆగినవాడు, ఎక్కడికి వెళ్లాలో తెలియక తప్పు కార్యాలయం చుట్టూ తిరిగినవాడు ఈ గడువుల కింద నలిగిపోతాడు. 2025 నవంబరు 21కి ముందు ఉద్యోగం పోయినవారికి పాత గడువే వర్తిస్తుందని మీ శాఖ సర్క్యులర్ ఇవ్వాలి. పరిధిపై అయోమయం వల్ల పోయిన కాలాన్ని లెక్క నుంచి మినహాయించేలా నియమం చేయాలి. కొత్త గడువులను, దరఖాస్తు ఇవ్వాల్సిన చోటును ప్రతి అసిస్టెంట్ లేబర్ కమిషనర్ కార్యాలయంలోనూ, ప్రతి ఫ్యాక్టరీ గేటు వద్దా తెలుగులో ప్రదర్శించాలి. కన్సిలియేషన్ విఫలమైనప్పుడు కార్మికుడి చేతికిచ్చే నివేదిక మీదే 90 రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుందో రాసి ఇవ్వమని మీ అధికారులను ఆదేశించండి. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, మీ సంతకం చాలు.

భవదీయుడు,
ఒక కార్మిక సంఘ ప్రతినిధి