బీటా హెచ్చరికలు తెలుగులో, నొక్కే చోటే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం కమలానగర్‌లో పదకొండేళ్లుగా ఫోన్లు, కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. పోయిన నెల గార్లదిన్నె వైపు నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు వచ్చినాడు. ఫోన్ నా చేతికిచ్చి, ‘అన్నా, దీంట్లో ఏమీ లేదు, చూడు’ అన్నాడు. నిజంగానే కొత్తగా కొన్నప్పటి మాదిరి ఖాళీగా ఉంది.

ఇంటర్ చదివే కొడుకు కొత్త హంగులు వస్తాయని ఆ ఫోన్‌ను బీటా సాఫ్ట్‌వేర్‌కు మార్చినాడట. బీటా అంటే కంపెనీ ఇంకా పరీక్షిస్తున్న సరుకు. మార్చిన మర్నాడే బ్యాంకు యాప్ తెరుచుకోవడం మానేసింది. పిల్లాడు భయపడి, నాయనకు తెలియకముందే పాతదానికి వెళ్లిపోదామని వెనక్కి వెళ్లే బటన్ నొక్కినాడు. అలా వెనక్కి వెళ్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మార్కెట్ యార్డు తూకం చీటీల ఫోటోలు, కూతురి నిశ్చితార్థం వీడియోలు అన్నీ పోయినాయి. వేరే చోట కాపీ లేదు.

‘ఎంతయినా ఇస్తా, తీసియ్యి’ అని రెండుసార్లు అడిగినాడు. నా చేతిలో లేదు. ఇప్పటి ఫోన్లలో సమాచారానికి తాళం వేసి ఉంటుంది. ఇలా అంతా తుడిచేసి రీసెట్ చేస్తే ఆ తాళంచెవే చెరిగిపోతుంది. డబ్బులిస్తే తీసిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

పిల్లాడిని తప్పుపట్టలేను. హెచ్చరిక వచ్చిందట, కానీ అంతా ఇంగ్లిష్. అడుగున ‘ఐ అగ్రీ’. డేటా పోతుందన్న ముక్క ఆ పొడవాటి పేరాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. సినిమా ముందు పొగాకు హెచ్చరిక అందరికీ అర్థమయ్యేలా వేస్తారే, ఇది ఎందుకు వెయ్యరు?

పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటివే జరిగినాయి. 2017 చివర్లో, విండోస్‌కు బదులు వాడే ఉబుంటు 17.10 వేసుకున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) దెబ్బతినడంతో, డిసెంబర్‌లో డౌన్‌లోడ్ ఆపేశారు. దానికి కారణమైన డ్రైవర్ (లోపలి చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) వివరణలో, తెలియకుండా వాడితే కంప్యూటర్ ఆన్ కాకపోవచ్చన్న హెచ్చరిక ఉంది. అయితే అది ఉబుంటుకు గుండెలాంటి లైనక్స్ కెర్నెల్ తయారుచేసే ప్రోగ్రామర్లకు కనిపించే చోట ఉంది, వాడేవాళ్లకు కాదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులకే దాన్ని ఆపింది. ముందుగా పరీక్షించిన వాళ్లలో కొందరు ఆ సంగతి అప్పటికే రాసి పంపారు, పట్టించుకోలేదు.

ఫోన్ కంపెనీలను నేను కోరేది ఒకటే. బటన్ నొక్కే చోటే, పెద్ద అక్షరాలతో, తెలుగులో చెప్పండి: బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చు, వెనక్కి వెళ్తే అన్నీ చెరిగిపోతాయి, ముందు ఫోటోలు కాపీ చేసుకోండి. ‘ప్రయోగాత్మకం’ అని ఒక్క మాట రాస్తే ఆ రైతుకు ఏం తెలుస్తుంది?

నా తోటి మెకానిక్‌లకూ ఒక మాట. కస్టమర్ అడిగినా సరే, అతని రోజువారీ ఫోన్‌లో బీటా వెయ్యకండి. పిల్లలు నేర్చుకోవాలనుకుంటే మూలన పడున్న పాత ఫోన్ మీద చేసుకోనీండి.

ఏటా జూన్, జూలైలలో ఐఫోన్ బీటాలు కూడా వస్తాయి. బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి తిరిగి ఎక్కదు. కాబట్టి ముందే కంప్యూటర్‌లో ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ నెలల్లో మీ జిల్లా పేజీలో ఈ నాలుగు ముక్కలు వేయగలరని కోరుతున్నాను.

– ఒక మొబైల్ మెకానిక్, కమలానగర్, అనంతపురం