డేటా కేబులా, చార్జింగ్ కేబులా? ప్యాకెట్ మీద రాయాలి

సంపాదకులకు,

కొత్త కేబుల్ కొని ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే చార్జింగ్ ఎక్కుతుంది గానీ ఒక్క ఫొటో కనిపించదు. కంప్యూటర్‌కే ఏదో అయిందని విండోస్ మళ్లీ వేయించుకునేవాళ్లు విశాఖలో తక్కువేం కాదు. తప్పు చాలాసార్లు వైరుది.

మామూలు యూఎస్‌బీ వైరు తొక్క ఒలిస్తే లోపల నాలుగు తీగలుండాలి. సాధారణంగా ఎరుపు, నలుపు కరెంటువి. ఆకుపచ్చ, తెలుపు డేటావి. చవక చార్జింగ్ కేబుళ్లలో ఈ రెండో జత ఉండదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొనేవాడికి తెలిసే దారి లేదు. అందుకే ప్యాకెట్ మీద ‘చార్జింగ్‌కు మాత్రమే’ అని తెలుగులో పెద్దగా రాయించాలి. ఆ లోగా జగదాంబ, డాబాగార్డెన్స్ దుకాణాల వాళ్లు కౌంటర్ మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంచి తగిలించి చూపిస్తే చాలు, అర నిమిషం పని.

ఇంట్లో తేల్చుకోవడమూ కష్టం కాదు. తగిలించగానే కంప్యూటర్ ‘టింగ్’ మనకపోతే, ఫోన్‌లో యూఎస్‌బీ నోటిఫికేషన్ రాకపోతే కేబుల్‌నో పోర్టునో అనుమానించాలి. డెస్క్‌టాప్ అయితే ముందున్న పోర్టు వదిలి వెనకదానికి పెట్టి చూడండి. శబ్దం వచ్చి ఫోల్డర్ ఖాళీగా ఉంటే వైరు మంచిదే. ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా చార్జింగ్‌కే ఒప్పుకుంటుంది. లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్ లాగి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. కెమెరా ఫొటోలు డీసీఐఎం ఫోల్డర్‌లో ఉంటాయి. ఐఫోన్ అయితే ‘ట్రస్ట్’ నొక్కాలి. విండోస్‌లోకి కాపీ మధ్యలో ఆగిపోతుంటే సెట్టింగ్స్‌లో (కొత్త ఐఓఎస్‌లో అయితే అందులోని ‘యాప్స్’లో) ఫొటోస్‌కు వెళ్లి, అడుగున ‘ఆటోమేటిక్’ బదులు ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టండి. ఫోన్ ప్రతి ఫొటోనూ అప్పటికప్పుడు జేపెగ్‌గా మార్చబోయి తడబడటమే అక్కడ చిక్కు.

కట్ చేసి పేస్ట్ మాత్రం చేయొద్దు. మధ్యలో వైరు కదిలితే ఫైలు ఇటూ కాదు, అటూ కాదు. కాపీ చేసి, నాలుగు వీడియోలు తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లోవి తీసేయండి. టైప్-సీ మూతి ఉందని వేగం ఆశించకండి. చవక ఫోన్లలో చాలావాటికి లోపల ఉండేది యూఎస్‌బీ 2.0. కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ; చేతికొచ్చేది 30 ఎంబీ చుట్టుపక్కల. 40 జీబీ పెళ్లి వీడియోకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అదే సైజు చిన్న చిన్న ఫొటోలైతే ఇంకా ఆలస్యం.

మన ఊళ్లో మరో బెడద ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో పిన్నులకు చిలుము పడుతుంది. దానికి జేబులోని నూలు పీచు తోడై ప్లగ్గు లోపలిదాకా దిగదు. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి. గుండుసూది పెడితే టైప్-సీ మధ్యలోని పలచటి పలక విరుగుతుంది, ఇక పోర్టు మార్చుకోవాల్సిందే.

ఫొటో ప్రింట్ కోసం నెట్ సెంటర్లో ఫోన్ ఇచ్చేవాళ్లు ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ బదులు ‘పీటీపీ’ ఎంచుకోవడం మేలు. అప్పుడు ఆ కంప్యూటర్‌కు డీసీఐఎం, పిక్చర్స్ ఫోల్డర్లే కనిపిస్తాయి, డౌన్‌లోడ్స్‌లోని బ్యాంకు కాగితాలు కనిపించవు.

- ఒక మొబైల్ టెక్నీషియన్, విశాఖపట్నం