బంప్ స్టీర్: గైరో జోలికి వెళ్లకముందు ఇది చూడండి

ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారుతో డ్రిఫ్ట్ మధ్యలో ముందు చక్రాలు తడబడితే గైరో (స్టీరింగ్‌ని తనంతట తానే సరిదిద్దే సెన్సార్) గెయిన్ మీద, అంటే అది ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగ్ మీద పడకండి. నేను అలాగే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ముందు షాకులు రెండూ ఊడదీసి, పవర్ ఆన్‌లో స్టీరింగ్ మధ్యలో ఉంచి, ఛాసీని చేత్తో మెల్లగా నొక్కండి. చక్రాలు లోపలికో బయటికో తిరుగుతుంటే అదే బంప్ స్టీర్. టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ), కింది సస్పెన్షన్ ఆర్మ్ వేర్వేరు వంపుల్లో కదలడమే కారణం.

నకిల్ (చక్రాన్ని పట్టి తిప్పే భాగం) మీద టై రాడ్ తగిలే బాల్ స్టడ్ కింద 0.5 మి.మీ. షిమ్ (పలుచని వాషర్) వేసి మళ్లీ నొక్కండి. ఎక్కువైందా? అది తీసి రాడ్ లోపలి కొసన వేయండి. ముందు నుంచి చూస్తే రాడ్ ఇంచుమించు ఆర్మ్‌కి సమాంతరంగా కనిపించాలి. సున్నా కోసం పంతం వద్దు, మన కార్ల సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే ట్రావెల్ ఎంతని! షిమ్ మార్చాక టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం మళ్లీ సరిచూసుకోండి.